కేస్ స్టడీ: నేవీ డాక్టర్ ఎనిమిది శనివారాలు

2022 జూన్‌లో మా టీమ్‌కు ఒక ఫైల్ వచ్చింది. అమెరికాలో వర్జీనియా తీరాన ఒక నేవీ హాస్పిటల్లో పనిచేసే ఎమర్జెన్సీ డాక్టర్ గారిది. హోదా లెఫ్టినెంట్ కమాండర్. డ్యూటీ లేని రోజుల్లో, కారులో గంట దూరంలో ఉన్న ఒక చిన్న సివిల్ హాస్పిటల్లో కొన్నాళ్లు షిఫ్టులు చేస్తానన్నారు. అక్కడ ఎమర్జెన్సీలో ఉన్న ఇద్దరు డాక్టర్లు ఒకేసారి సెలవు మీద వెళ్తున్నారు. ఆగస్టు నుంచి నవంబర్ దాకా ఎవరో ఒకరు కావాలి. చదువు బాగుంది, లైసెన్స్ బాగుంది, మీద ఒక్క ఫిర్యాదూ లేదు. పది రోజుల్లో అయిపోతుందని మా టీమ్ లీడ్‌కు చెప్పాను. రెండు నెలలు పట్టింది. అందులో కొంత ఆలస్యం నా వల్లే జరిగింది. అందుకే ఈ కేసు మొత్తం రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. తేదీలు, గంటలు, కాగితాల క్రమం మాత్రం జరిగినట్టే ఉంచాను.

ముందుగా నా పని గురించి కొంచెం చెప్పాలి. మెడికల్ కోడింగ్, బిల్లింగ్ అంటే విశాఖలో ఇంటికొకరు తెలిసినవాళ్లు దొరుకుతారు. క్రెడెన్షియలింగ్ అంటే మాత్రం మా అమ్మకే ఇంకా సరిగ్గా తెలియదు. ఒక డాక్టర్ ఒక హాస్పిటల్లో మొదటి రోగిని ముట్టుకునే ముందు, ఆయన చదివానన్న కాలేజీలో చదివారా, లైసెన్స్ నడుస్తోందా, ఎక్కడైనా కేసులున్నాయా, ఇన్సూరెన్స్ ఉందా అని ఒక్కొక్కటీ చూడాలి. డాక్టర్ పంపిన జిరాక్స్ కాపీ చూసి టిక్కు పెడితే కుదరదు. ఆ కాగితం ఇచ్చిన చోటే అడిగి నిర్ధారించుకోవాలి. దీన్ని ప్రైమరీ సోర్స్ వెరిఫికేషన్ అంటాం. మధురవాడ వైపు ఒక ఆఫీసులో, అమెరికా హాస్పిటళ్ల కోసం, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా, పదకొండేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. మాకు సాయంత్రం ఆరున్నర అంటే వేసవిలో వర్జీనియాలో ఉదయం తొమ్మిది.

మిలిటరీ డాక్టర్ బయట పనెందుకు చేస్తారు, జీతం చాలకా అని మా టీమ్‌లో జూనియర్, నేను తమ్ముడు అని పిలిచే కుర్రాడు, మొదటి రోజే అడిగాడు. డబ్బు కూడా ఒక కారణమే, కాదనను. కానీ ఈ డాక్టర్ గారు తన దరఖాస్తులో రాసిన కారణం వేరు. నేవీ హాస్పిటల్ ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న ఆరోగ్యవంతులైన సెయిలర్లు, వాళ్ల పిల్లలు. బెణికిన మడమలు, జ్వరాలు. గుండెపోటుతో వచ్చే డెబ్బై ఏళ్ల మనిషి, ఊపిరి అందక గొట్టం వేయాల్సిన రోగి అక్కడ అరుదు. రేపు ఓడ మీదకో యుద్ధరంగానికో పంపితే మాత్రం ఆ చేతులు సిద్ధంగా ఉండాలి. చెయ్యి తిరగాలంటే రోగులు కావాలి, రోగులు సివిల్ హాస్పిటల్లో ఉన్నారు. ఆయన రాసింది చదివాక ఈ ఫైల్ త్వరగా పూర్తి చేయాలని నాకు గట్టిగా అనిపించింది. ఆ తొందర కూడా తర్వాత జరిగిన పొరపాటుకు కొంత కారణమే.

మన దగ్గర పద్ధతి వేరు. ప్రైవేటు ప్రాక్టీసు వదులుకున్నందుకు కేంద్ర ప్రభుత్వ డాక్టర్లకు నాన్ ప్రాక్టీసింగ్ అలవెన్స్ ఇస్తారు. ఏడో వేతన సంఘం తర్వాత అది మూల వేతనంలో 20 శాతం. త్రివిధ దళాల మెడికల్ ఆఫీసర్లకూ ఉంది. అమెరికా సైన్యంలో డాక్టర్లకు ప్రత్యేక భత్యాలున్నా, పై అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తే డ్యూటీ లేని సమయంలో బయట పని చేయొచ్చు. రెసిడెన్సీలో, అంటే ఇంకా శిక్షణలో ఉన్నవాళ్లకు ఆ అవకాశం లేదు. ఈయన రెసిడెన్సీ అంతకు ఏడాది ముందే పూర్తయింది. నేను మొదట సరిచూసింది అదే.

పచ్చ టిక్కు

ఫైల్లో డీఈఏ నంబర్ ఉంది. మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి నియంత్రిత మందులు రాయాలంటే అమెరికాలో డాక్టర్‌కు మామూలుగా ఈ నంబర్ ఉండాలి. ఎమర్జెన్సీ డాక్టర్‌కు ఇది లేకపోతే చేతులు కట్టేసినట్టే. తమ్ముడు డేటాబేస్‌లో వెతికాడు, నంబర్ నడుస్తోందని వచ్చింది. మా సిస్టమ్‌లో పచ్చ టిక్కు పడింది. రెండో చూపు నాది. నేనూ చూసి సంతకం పెట్టాను.

జూలై నాలుగో వారంలో హాస్పిటల్ మెడికల్ స్టాఫ్ ఆఫీసు ఆ ఫైల్ తిప్పి పంపింది. ఆ నంబర్ ఫీజు మినహాయింపు మీద ఇచ్చినది. మామూలు డాక్టర్ మూడేళ్లకు 888 డాలర్లు కట్టి డీఈఏ నంబర్ తీసుకుంటారు. ప్రభుత్వ కొలువులో ఉన్న డాక్టర్‌కు ఆ ఫీజు ఉండదు. ఫీజు లేకుండా ఇచ్చిన ఆ నంబర్ అధికారిక డ్యూటీకే పరిమితం. సొంతంగా బయట చేసే పనిలో దాంతో ఒక్క మాత్ర కూడా రాయకూడదు. నంబర్ పక్కనే నేవీ హాస్పిటల్ చిరునామా ఉంది. ఫీజు మినహాయింపు అని కూడా ఉంది. రెండూ నా కళ్ల ముందే ఉన్నాయి. నంబర్ నడుస్తోందా అని మాత్రమే చూశాను. ఎక్కడ నడుస్తుందని అడగలేదు.

డాక్టర్ గారు ఆ రోజే ఫీజు కట్టి, సివిల్ హాస్పిటల్ చిరునామాతో కొత్తదానికి దరఖాస్తు పెట్టారు. అది రావడానికి మూడు వారాలు పట్టింది. ఆగస్టు 6న మొదలుకావాల్సిన పని 20న మొదలైంది. మధ్యలో రెండు శనివారాలు అక్కడ మిగిలిన డాక్టర్లే అదనంగా నిలబడ్డారు. తమ్ముడు భయపడిపోయి, "అక్కా, నా వల్లే కదా" అన్నాడు. కాదు. వాడు చూసింది వాడికి మేము నేర్పినంత వరకూ. రెండో చూపు ఉన్నదే ఇలాంటివి పట్టుకోవడానికి.

ఆ రాత్రి ఫైల్ మొత్తం మళ్లీ మొదటి కాగితం నుంచి తీశాను. ప్రతి కాగితాన్నీ ఒకటే ప్రశ్న అడిగాను: ఈయన గేటు దాటి, యూనిఫాం విప్పాక కూడా నువ్వు చెల్లుతావా? అలా అడిగితే సగం కాగితాలు నిలబడలేదు.

లైసెన్స్ సంగతే చూడండి. సైన్యంలోని డాక్టర్‌కు ఏదో ఒక రాష్ట్రం లైసెన్స్ ఉంటే చాలు, దేశంలో ఎక్కడికి బదిలీ చేసినా అధికారిక విధుల్లో వైద్యం చేయొచ్చు. ఫెడరల్ చట్టమే ఆ వీలు ఇచ్చింది. ఈయన మొదటి లైసెన్స్ టెక్సాస్‌ది. దాంతోనే వర్జీనియా నేవీ హాస్పిటల్లో పనిచేస్తున్నారు. అదే వర్జీనియాలో, గంట దూరంలో, సివిల్ హాస్పిటల్ గుమ్మం దగ్గర ఆ వెసులుబాటు ఆగిపోతుంది. అదృష్టం బాగుండి ఆయన ముందుచూపుతో అప్పటికే వర్జీనియా లైసెన్స్ కూడా తీసుకున్నారు. బదిలీ మీద వెళ్లే సైనికుల, వాళ్ల జీవిత భాగస్వాముల వృత్తి లైసెన్సులు కొన్ని షరతులతో కొత్త రాష్ట్రంలో చెల్లేలా 2023 జనవరిలో ఒక చట్టం వచ్చింది. అయినా నేను మాత్రం, పని చేయబోయే రాష్ట్రం లైసెన్సే తీసుకోమని ఇప్పటికీ చెబుతాను.

లేని ఇన్సూరెన్స్

మా దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది. గత పదేళ్లలో మీకు మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు పడితే కాపాడే బీమా) ఇచ్చిన కంపెనీల పేర్లు, పాలసీ నంబర్లు రాయండి అని. డాక్టర్ గారు ఖాళీగా వదిలేశారు. మా సిస్టమ్ దాన్ని లోటుగా చూపించింది. పాలసీ సర్టిఫికెట్ పంపమని తమ్ముడు మూడుసార్లు మెయిల్ పెట్టాడు. మూడోసారి ఆయన విసుక్కున్నారు. విసుక్కోవడంలో న్యాయం ఉంది. ఆయన దగ్గర పాలసీ ఉండదు.

డ్యూటీలో ఉన్న మిలిటరీ డాక్టర్ పొరపాటు చేశారని ఆరోపణ వస్తే, ఆయన్ని వ్యక్తిగతంగా కోర్టుకు లాగరు. 1946 నాటి ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం కింద ప్రభుత్వం మీదే దావా నడుస్తుంది. సైనిక వైద్య సిబ్బందికి ఈ రక్షణను 1976లో వచ్చిన గొంజాలెజ్ చట్టం ఖాయం చేసింది. కాబట్టి ఆయన్ని అడగాల్సింది పాలసీ కాగితం కాదు. ఆయన నేవీ హాస్పిటల్ క్రెడెన్షియల్స్ ఆఫీసు నుంచి ఒక ధ్రువీకరణ లేఖ. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఏ ప్రివిలేజెస్‌తో (అంటే ఆ హాస్పిటల్లో ఏయే వైద్యం చేయడానికి అనుమతితో) పనిచేశారు, క్లెయిములు ఏమైనా ఉన్నాయా అన్నవి అందులో ఉంటాయి. ఆ లేఖ నాలుగు రోజుల్లో వచ్చింది. మొదటి మెయిల్‌లోనే సరైన కాగితం అడిగి ఉంటే మూడు వారాలు మిగిలేవి.

ఇది జరిగిపోయిన కాలం సంగతి. రాబోయే కాలానిది ఇంకా పెద్ద చిక్కు. ప్రభుత్వం ఇచ్చే ఆ రక్షణ శనివారం సివిల్ హాస్పిటల్లో ఉండదు. అక్కడ ఆయనకు విడిగా ఇన్సూరెన్స్ కావాలి. హాస్పిటల్ తన గ్రూపు పాలసీలో చేరుస్తానంది. అది క్లెయిమ్స్ మేడ్ పాలసీ. పని చేసినప్పుడు పాలసీ ఉంటే సరిపోదు, దావా పడే రోజున కూడా ఉండాలి. నవంబర్‌లో పని మానేసి, రెండేళ్ల తర్వాత ఎవరైనా కేసు వేస్తే ఆ రోజుకు ఈయన పేరు పాలసీలో ఉండదు. ఆ ఖాళీని పూడ్చడానికి వేరే కొనేదాన్ని టెయిల్ అంటారు. దాని ధర చాలాసార్లు ఏడాది ప్రీమియానికి ఒకటిన్నర నుంచి రెండింతలు ఉంటుంది. హాస్పిటల్ కాంట్రాక్ట్ నమూనాలో, ఏడాది పూర్తిగా పనిచేసినవాళ్లకే టెయిల్ మేం కొంటాం అని ఉంది. నాలుగు నెలల మనిషికి ఆ వాక్యం ఉరితాడు లాంటిది. ఎనిమిది శనివారాల సంపాదన అంతా టెయిల్‌కే పోవచ్చు.

కాంట్రాక్ట్ మాట్లాడటం క్రెడెన్షియలింగ్ పని కాదు. మా టీమ్ లీడ్ కూడా అదే అన్నారు. అయినా ఇన్సూరెన్స్ పత్రం సరిచూడటం నా పనే కదా, చూసిన దాంట్లో గొయ్యి కనిపిస్తే చెప్పకుండా ఎలా ఉంటాం? హాస్పిటల్‌కు ఒక పేరా రాసి పంపాను. తాత్కాలిక డాక్టర్ ఏ కారణంతో మానేసినా టెయిల్ హాస్పిటలే కొంటుందని వాళ్లు మార్చారు. కష్టపెట్టకుండా మార్చారు, ఆ సంగతి కూడా చెప్పాలి.

మల్కాపురంలో భోజనం

ఆ ఆదివారం మల్కాపురంలో మా అక్కావాళ్ల ఇంటికి వెళ్లాను. బావగారు మన నేవీలో మెడికల్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యారు. ఓడల మీదా, ఇక్కడ కల్యాణి నావికా ఆసుపత్రిలోనూ పనిచేశారు. భోజనాల దగ్గర, పేర్లు చెప్పకుండా ఈ సంగతి కదిపాను.

"అనుమతి ఇస్తే చేస్తారమ్మా, అందులో తప్పేముంది. కానీ ఆయన టైం ఆయనది కాదు. రేపు పొద్దున్నే ఓడ ఎక్కమంటే ఎక్కాల్సిందే. ఆ హాస్పిటలోళ్లకి ఈ ముక్క ఎవరైనా చెప్పారా?"

"అనుమతి పత్రంలో రాసుంది బావగారూ."

"పత్రంలో ఉంటే ఏం లాభం? డ్యూటీ చార్టు వేసేవాడికి తెలియాలి."

సోమవారం రాత్రి కాంట్రాక్ట్ మళ్లీ తీశాను. మానేయాలంటే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఉంది. ఓడకు 60 రోజుల నోటీసు ఎవరిస్తారు? సైనిక ఆదేశం వస్తే నోటీసు, జరిమానా ఏవీ వర్తించవని ఒక వాక్యం చేర్చాల్సి వచ్చింది. అది లేకుండా ఆయన కమాండ్, అంటే నేవీలో ఆయన పై అధికారులు, కూడా ఒప్పుకునేవాళ్లు కాదు. సైనిక విధికే మొదటి స్థానమని యజమాని ముందే రాసివ్వాలి.

తర్వాత డ్యూటీ చార్టు అడిగి తెప్పించుకున్నాను. బావగారి అనుమానం నిజమే. కమాండ్ ఇచ్చిన అనుమతిలో వారానికి 16 గంటలు మించకూడదని, బయటి పని ముగిశాక నేవీ డ్యూటీ మొదలయ్యేలోపు కనీసం 6 గంటలు ఉండాలని ఉంది. చార్టు వేసినవాళ్లు ఆయనకు శుక్రవారం రాత్రి 7 నుంచి శనివారం ఉదయం 7, మళ్లీ ఆదివారం రాత్రి 7 నుంచి సోమవారం ఉదయం 7 వేశారు. మొత్తం 24 గంటలు. సోమవారం ఉదయం ఏడున్నరకు ఆయన నేవీలో హాజరు కావాలి. ప్రయాణమే గంట.

చెడ్డ ఉద్దేశంతో వేసింది కాదు. ఖాళీగా ఉన్న గళ్లు నింపుకుంటూ పోయారు. కానీ పదకొండేళ్లుగా రాత్రి షిఫ్టు చేస్తున్న మనిషిని నేను. తెల్లవారుజామున మూడున్నరకు క్యాబ్ ఎక్కితే, రుషికొండ దాటేలోపు రెండుసార్లు తల వాలిపోతుంది. నేను రాత్రంతా చూసేది కాగితాలు. ఆయన రాత్రంతా ఎమర్జెన్సీలో నిలబడి, ఒక గంట కారు నడిపి, నిద్ర లేకుండా ఇంకో ఎమర్జెన్సీలో ఒక బిడ్డకు మందు మోతాదు లెక్కకట్టాలి. ఆ బిడ్డ తల్లికి ఈ చార్టు సంగతి తెలియదు. ఆరు గంటల విరామం అన్నది ఆఫీసు నిబంధనలా కనిపిస్తుంది కానీ అది ఆ బిడ్డ కోసం రాసింది.

చివరికి వారానికి ఒకటే షిఫ్టు ఖాయమైంది. శనివారం ఉదయం 7 నుంచి రాత్రి 7. షిఫ్టు తర్వాత రోగుల వివరాలు రాసుకునే గంట, రెండు గంటలు కూడా పనే కాబట్టి, మిగిలిన 4 గంటలు దానికి వదిలేశాం. హాస్పిటల్ కొంచెం నిరాశపడింది. ఆదివారం రాత్రికి వేరే ఏజెన్సీ నుంచి ఇంకొకరిని చూసుకుంది.

ట్రైకేర్ కార్డుతో వచ్చే రోగి

ఈ భాగం మా ఫ్లోర్‌లోనే అవతలి వరుసలో కూర్చునే బిల్లింగ్ వాళ్లతో కలిసి చేసింది. ట్రైకేర్ అంటే సైనికులు, వాళ్ల కుటుంబాలు, రిటైరైనవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. సైన్యంలో కొనసాగుతున్న డాక్టర్‌కు ప్రభుత్వం ఇప్పటికే జీతం ఇస్తోంది. అదే ప్రభుత్వం నుంచి వైద్యానికి మళ్లీ డబ్బు తీసుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం కుదరదు. అందుకే ఆయన బయట చూసిన ట్రైకేర్ రోగికి ఆయన ఫీజు ట్రైకేర్‌కు పంపకూడదు.

అలాంటి రోగుల్ని ఆయన చూడకుండా ఉంటే సరిపోతుంది కదా అన్నాడు తమ్ముడు. సరిపోదు. 1986లో వచ్చిన ఎమ్‌టాలా చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన ఎవరినైనా, కార్డు ఏదైనా, ముందు పరీక్షించి తీరాలి. పైగా వర్జీనియా తీరమంతా నేవీ కుటుంబాలే. విశాఖలో సింధియా జంక్షన్ దగ్గర నిలబడి నేవీవాళ్లు ఎదురుపడకూడదు అనుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. రోగిని చూడాలి, ట్రైకేర్‌కు బిల్లు పంపకూడదు. దీనికి బిల్లింగ్ సిస్టమ్‌లో ఒక అడ్డు పెట్టాం. ఆయన ఎన్పీఐ నంబర్ (బిల్లులో డాక్టర్‌ను గుర్తించే నంబర్), ట్రైకేర్ రెండూ ఒకే క్లెయిమ్‌లో కలిస్తే అది బయటికి వెళ్లకుండా ఆగుతుంది. ఒక మనిషి చూసి, ఆయన ఫీజును రద్దు చేస్తారు. ఆ మొత్తాన్ని రోగి దగ్గర కూడా వసూలు చేయకూడదని హాస్పిటల్ రాసిచ్చింది. ఎనిమిది శనివారాల్లో ఆ అడ్డు దగ్గర పదకొండు క్లెయిములు ఆగాయి. అడ్డు లేకపోతే ఆ పదకొండూ ఒక అమాయకుడైన డాక్టర్ మీద ఫిర్యాదులుగా తిరిగి వచ్చేవి.

ప్రివిలేజెస్ విషయంలో పెద్దగా చెప్పాల్సింది లేదు. కమిటీ పూర్తి ఆమోదం వచ్చేలోపు, మచ్చలేని దరఖాస్తుకు, హాస్పిటళ్లకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ నియమాల ప్రకారం 120 రోజులకు మించకుండా తాత్కాలిక ప్రివిలేజెస్ ఇవ్వొచ్చు. డాక్టర్ల మీద వచ్చిన పరిహారాలు, క్రమశిక్షణ చర్యలు నమోదయ్యే నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంక్‌లో హాస్పిటల్ వెతికింది, ఏమీ లేదు. ఆగస్టు 20 నుంచి డిసెంబర్ 17 దాకా ఇచ్చారు.

ఆయన అన్నాళ్లు ఉండలేదు. సెప్టెంబర్‌లో ఒక శనివారం నేవీ డ్యూటీ పడి రాలేదు. అక్టోబర్ రెండో వారంలో ఓడ మీదకు ఆదేశం వచ్చింది. ఆఖరి షిఫ్టు అక్టోబర్ 15. హాస్పిటల్ డ్యూటీ చార్టులో ఆ తర్వాతి శనివారాలకు ప్రత్యామ్నాయం పేరు ముందే రాసి ఉంది. బావగారు అడిగిన ప్రశ్న తర్వాత మేం అడిగి రాయించింది అది. నోటీసు గొడవ రాలేదు, జరిమానా రాలేదు, నవంబర్ మొదటి వారంలో టెయిల్ సర్టిఫికెట్ వచ్చింది. వెళ్లే ముందు ఆయన ఒక మెయిల్ పెట్టారు. ఆ శనివారాల్లో ముగ్గురికి గొట్టం వేశానని, నేవీలో అంతకుముందు ఏడాది మొత్తం మీద వేసింది ఇద్దరికేనని రాశారు. మాకు ఎవరూ ఇలా రాయరు. మేం కాగితాల దగ్గర ఉంటాం, రోగి ఎక్కడో ఉంటాడు.

ఆ తర్వాత మా షీట్‌లో యూనిఫాంలో ఉన్నవారా అని ఒక గడి చేర్చాం. అవును అని పడితే ఆరు ప్రశ్నలు తెరుచుకుంటాయి: డీఈఏ ఫీజు కట్టినదేనా, లైసెన్స్ పని చేసే రాష్ట్రానిదేనా, కమాండ్ అనుమతి ఏ తేదీ వరకు, గంటల పరిమితి చార్టు వేసేవారికి చేరిందా, ట్రైకేర్ అడ్డు పెట్టారా, టెయిల్ ఎవరిది. నర్స్ అనస్తీషియా నిపుణులు, ఫిజిషియన్ అసిస్టెంట్లు, డెంటిస్టులు కూడా ఇలా వస్తున్నారు. చిక్కులు అవే.

2024లో ఇంకో రాష్ట్రం నుంచి, ఇంకో హాస్పిటల్ మా క్లయింట్‌కు, అంటే ఆ పాత సివిల్ హాస్పిటల్‌కు, ఒక అభ్యర్థన పంపింది. ఆ డాక్టర్ గారు బదిలీ మీద అక్కడికి వెళ్లారు, మళ్లీ శనివారాలు చేయడానికి అనుమతి తీసుకున్నారు. 2022లో మీ దగ్గర ఎంతకాలం చేశారు, ఆ కాలానికి ఇన్సూరెన్స్ ఉందా అని వాళ్లు అడిగారు. ఆగస్టు 20 నుంచి అక్టోబర్ 15, ఎనిమిది షిఫ్టులు, 96 గంటలు, మంచి పేరుతో విడుదల అన్న లేఖ ఫైల్లో ఉంది. దాని వెనకే టెయిల్ సర్టిఫికెట్ ఉంది. రెండూ ఆ రాత్రే పంపాను.